కంచె మీంచి పడ్డవాడికి కట్టు ఎవరు కట్టాలి?

మన దగ్గర రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే చుట్టూ యాభై మంది మూగేవాళ్లు. ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఒక్కరూ ముందుకొచ్చేవాళ్లు కాదు. జాలి లేక కాదు. తీసుకెళ్తే పోలీసులు మనల్నే పట్టుకుంటారని, కోర్టుల చుట్టూ తిప్పుతారని భయం. మెడికో లీగల్ కేసు అంటూ కొన్ని ఆస్పత్రులు కూడా చెయ్యి వేసేవి కావు. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు కాగితం అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సాయం చేసినవాళ్లని వేధించకూడదన్న మార్గదర్శకాలకి 2016లో అదే కోర్టు ముద్ర వేసింది. అయినా ఆ జంకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇదే భయాన్ని కొంచెం అటు తిప్పి చూడండి. ఫోన్ చెయ్యడానికి భయపడేది దారిన పోయేవాళ్లు కాదు, కాలు విరిగి పడివున్న మనిషే. అంబులెన్స్ వస్తే దానితో పాటే సరిహద్దు బలగాల బండి కూడా వస్తుంది. కట్టు కట్టించుకున్నాక మళ్లీ కంచె అవతలికే నెట్టేస్తారేమో తెలియదు. 2021 నుంచి పోలండ్, బెలారస్ సరిహద్దు అడవుల్లో నడుస్తున్న వ్యవహారం ఇది.

యూరప్ వార్తల్లో తరచూ వినపడే 'పుష్‌బ్యాక్' అనే మాట వెనక చట్టం ఉంది, రాజకీయం ఉంది, యుద్ధ భయమూ ఉంది. అన్నీ కలిసి చిక్కుపడిపోయాయి. ఈ చిక్కు విప్పడానికి గాయం దగ్గర్నుంచి మొదలుపెట్టడం మేలని నాకనిపిస్తుంది. దేశభద్రత గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. విరిగిన ఎముకకి మాత్రం ఎక్స్‌రే తీయించాలా వద్దా అన్న ప్రశ్నకి అవును, కాదు అనే రెండే జవాబులు.

డిపోర్టేషన్ వేరు, పుష్‌బ్యాక్ వేరు

రెండింట్లోనూ మనిషిని దేశం బయటికి పంపడమే కదా అనిపిస్తుంది. తేడా అంతా కాగితంలో ఉంది. డిపోర్టేషన్ అంటే ఒక ఫైలు ఉంటుంది. నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు, వెనక్కి పంపితే నీకు ఏమైనా ప్రమాదమా అని ఒక అధికారి అడుగుతాడు. నిర్ణయం రాతపూర్వకంగా ఇస్తాడు. నచ్చకపోతే అప్పీలుకి వెళ్లొచ్చు. పుష్‌బ్యాక్‌లో ఈ అడగడం ఉండదు. సరిహద్దు దాటినవాణ్ణి పట్టుకుని, బండెక్కించి, దాటిన చోటికే తీసుకెళ్లి అవతలికి పంపేస్తారు. గంటల్లో అయిపోతుంది. ఒక్కోసారి అతను ఆ దేశంలో అడుగుపెట్టాడనడానికి కూడా ఆధారం మిగలదు.

ఇక్కడ అంతర్జాతీయ చట్టం మూడు అడ్డుకట్టలు వేసింది. మొదటిది 1951 నాటి శరణార్థుల ఒప్పందంలోని 33వ అధికరణం: ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదు. రెండోది యూరప్ మానవ హక్కుల ఒప్పందంలోని 3వ అధికరణం: చిత్రహింసలు, అమానుషమైన వ్యవహారం ఎవరి విషయంలోనూ కూడదు. యుద్ధమొచ్చినా, ఎమర్జెన్సీ పెట్టినా దీనికి మినహాయింపు లేదు. మూడోది అదే ఒప్పందానికి చేర్చిన 4వ ప్రోటోకాల్: మనుషుల్ని గుంపుగా గెంటేయకూడదు, ఒక్కొక్కరి సంగతి విడిగా చూడాలి.

"దొంగదారిన వచ్చినవాడికి హక్కులేంటి?" అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఒప్పందం రాసినవాళ్లకీ ఆ ప్రశ్న తట్టింది. ప్రాణభయంతో పారిపోయేవాడికి చేతిలో వీసా ఉండదని వాళ్లకి తెలుసు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం అయ్యి ఆరేళ్లే. ప్రమాదంలోంచి నేరుగా వచ్చి, ఆలస్యం చెయ్యకుండా అధికారుల ముందు హాజరై కారణం చెప్పుకున్న శరణార్థిని అక్రమంగా ప్రవేశించాడని శిక్షించకూడదని 31వ అధికరణంలో రాశారు. అలాగని వచ్చినవాళ్లందరినీ ఉంచుకోమని కాదు. అడిగి, విని, అర్హత లేనివాణ్ణి పద్ధతి ప్రకారం పంపెయ్యొచ్చు. శరణార్థి ఎవరో, మెరుగైన బతుకు కోసం వచ్చిన వలసదారు ఎవరో అడక్కుండా తెలియదు. పుష్‌బ్యాక్ మీద ఉన్న ప్రధాన అభ్యంతరం ఆ అడిగే దశనే ఎత్తేస్తుందని.

పుష్‌బ్యాక్ అనే మాట మన పత్రికల్లోనూ 2025 మే నుంచి బాగా కనిపించింది, బంగ్లాదేశ్ సరిహద్దు విషయంలో. మన దేశం 1951 ఒప్పందంపై సంతకం చెయ్యలేదు, ఇక్కడి చట్టపు చర్చ వేరు. దాన్ని ఇందులో కలిపితే రెండూ అర్థం కావు.

బెలారస్ దారి ఎలా తెరుచుకుంది

2021 మే 23న ఏథెన్స్ నుంచి విల్నియస్ వెళ్తున్న రయానెయిర్ విమానాన్ని బెలారస్ బలవంతంగా మిన్స్క్‌లో దింపించి, అందులో ఉన్న ప్రతిపక్ష జర్నలిస్టుని అరెస్టు చేసింది. యూరోపియన్ యూనియన్ ఆంక్షలు బిగించింది. ఇన్నాళ్లూ డ్రగ్స్‌నీ వలసదారుల్నీ మేం ఆపుతున్నాం, ఇకమీద మీరే చూసుకోండి అన్న ధోరణిలో బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో మాట్లాడాడు. ఆ వేసవి నుంచి బాగ్దాద్ లాంటి నగరాల నుంచి మిన్స్క్‌కి వచ్చే జనం పెరిగిపోయారు. టూరిస్టు వీసా, హోటల్, అక్కడి నుంచి టాక్సీలో సరిహద్దు దాకా. ఇరాకీ కుర్దులు, సిరియన్లు, అఫ్గాన్లు, యెమెన్ వాళ్లు, తర్వాత సోమాలియా, ఇథియోపియా, ఎరిత్రియా నుంచి వచ్చినవాళ్లు. చాలామంది గమ్యం పోలండ్ కాదు, దాని అవతల ఉన్న జర్మనీ.

మధ్యప్రాచ్యం నుంచి మధ్యధరా సముద్రం దాటడం కంటే ఇది తేలిక దారని ఏజెంట్లు చెప్పారు. మ్యాపులో చూస్తే నిజమే. సముద్రం లేదు, ఉన్నది అడవే.

ఆ అడవి పేరు బియావొవియెజా. యూరప్ మైదానాల్లో మిగిలిన చివరి ఆదిమ అడవుల్లో ఒకటి, యునెస్కో వారసత్వ ప్రదేశం, యూరప్ అడవిదున్నలకి నిలయం. ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది. నడవాల్సి వస్తే మాత్రం కూలిన మానులు, బురద, చిత్తడి నేలలు. చలికాలం రాత్రిళ్లు సున్నా కంటే బాగా కిందికి పోతాయి. బెలారస్ వైపు సరిహద్దు రేఖకి కొంత దూరం ముందే ఆ దేశపు సొంత కంచె ఒకటి ఉంది, 'సిస్టెమా' అంటారు. వలసదారుల్ని దాన్ని దాటించి వదిలాక బెలారస్ సైనికులు వెనక్కి రానివ్వరు. ముందు పోలండ్ కంచె, వెనక బెలారస్ కంచె, నడుమ అడవి పట్టీ. అక్కడ రోజులు కాదు, వారాలు గడిపినవాళ్లున్నారు. తాగింది చిత్తడి నీళ్లు.

ఇక్కడొక లెక్క గురించి చెప్పాలి. 2021లో సరిహద్దు దాటే ప్రయత్నాలు దాదాపు 40 వేలని పోలండ్ బోర్డర్ గార్డు చెప్పింది. 40 వేల మంది అని చాలామంది చదువుకున్నారు. అది మనుషుల లెక్క కాదు, ప్రయత్నాల లెక్క. ఒకే మనిషిని పదిసార్లు వెనక్కి నెడితే, పదకొండోసారి మళ్లీ వస్తే, పదకొండు ప్రయత్నాలవుతాయి. కాబట్టి ప్రతి పుష్‌బ్యాక్ మరుసటి నెల లెక్కని తనే పెంచుతుంది. ఈ అంకెని ఎవరు ఏ వాదనకి వాడుతున్నా ఇది గుర్తుంటే చాలు.

కంచె చేసే గాయాలు, చలి చేసే గాయాలు

2022 వేసవికి పోలండ్ 186 కిలోమీటర్ల పొడవున ఉక్కు కంచె కట్టింది. అయిదు మీటర్ల ఉక్కు కడ్డీలు, పైన అర మీటరు బ్లేడు తీగ. మొత్తం 418 కిలోమీటర్ల సరిహద్దులో మిగతా భాగం చాలావరకు బూగ్ నది. కంచె వచ్చాక దాటేవాళ్లు ఆగిపోలేదు. గాయాల రకం మారింది.

అయిదున్నర మీటర్లంటే సుమారు రెండో అంతస్తు కిటికీ ఎత్తు. నిచ్చెన ఒకవైపే ఉంటుంది. రెండోవైపు దూకాల్సిందే. చీకట్లో దూకితే నిటారుగా పాదాల మీద పడతారు. మడమ ఎముక పగులుతుంది, చీలమండ విరుగుతుంది. ఆర్థోపెడిక్ డాక్టర్లకి తెలిసిన విషయం ఇంకొకటుంది: ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాడి నడుము కూడా చూడాలి. అదే దెబ్బ పైకి పాకి వెన్నుపూసని నలిపేసి ఉండొచ్చు. కాలి నొప్పి పెద్దదిగా ఉండటంతో నడుము నొప్పి అతనికే తెలియదు. ఎక్స్‌రే లేకుండా ఆ సంగతి అడవిలో ఎవరూ చెప్పలేరు.

బ్లేడు తీగ అరచేతుల్ని, ముంజేతుల్ని లోతుగా కోస్తుంది. దీనికి తోడు రోజుల తరబడి తడి బూట్లలో నానిన పాదాలు. మొదట తెల్లగా పాలిపోయి తిమ్మిరెక్కుతాయి, తర్వాత వాచి, చర్మం ఊడిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికులకి వచ్చింది ఈ జబ్బే. ఇక చలి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. వణుకుతున్నంతసేపు కొంత నయం, ఒళ్లు పోరాడుతోందని అర్థం. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే అది ఆస్పత్రి కేసు. బయటినుంచి చూసేవాడికి మాత్రం శాంతించాడనిపిస్తుంది.

వీటన్నిటి పైన మనుషులు చేసిన గాయాలు. బెలారస్ సైనికులు లాఠీలతో కొట్టి, కుక్కల్ని వదిలి ముందుకి తోలారని ఏళ్లుగా వాంగ్మూలాలున్నాయి. పోలండ్ వైపు కూడా కొట్టారని, పెప్పర్ స్ప్రే కొట్టారని, ఫోన్లు పగలగొట్టి గేట్లలోంచి అవతలికి నెట్టారని హ్యూమన్ రైట్స్ వాచ్ లాంటి సంస్థలు నమోదు చేశాయి. అవసరమైన ప్రతిసారీ వైద్య సాయం పిలుస్తున్నామని, తమవాళ్లు మనుషుల్ని కాపాడుతున్నారని పోలండ్ అధికారులు అంటారు. చిత్తడిలో కూరుకుపోయినవాళ్లని బోర్డర్ గార్డులు బయటికి లాగిన ఘటనలూ నిజమే. ఇద్దరు చెప్పేదీ ఒకే వారంలో, ఒకే అడవిలో నిజం కావచ్చు. ఈ విషయాన్ని అర్థం చేసుకోవడంలో చాలామంది తడబడేది ఇక్కడే.

మందుల సంచితో పరుగు

2021 ఆగస్టులో ఉస్నాష్ గూర్నీ అనే చిన్న పల్లె శివార్లలో 32 మంది అఫ్గాన్లు సరిహద్దు రేఖ మీద చిక్కుకుపోయారు. ముందు పోలండ్ తుపాకులు, వెనక బెలారస్ తుపాకులు. కాబూల్ తాలిబన్ల చేతిలోకి వెళ్లింది ఆ నెలలోనే. గుంపులో జబ్బుపడ్డవాళ్లున్నారని లాయర్లు, డాక్టర్లు గొంతు చించుకున్నారు. దగ్గరికి వెళ్లనివ్వలేదు. ఒక ప్రతిపక్ష ఎంపీ సంచి పట్టుకుని పొలంలో పరుగెత్తితే గార్డులు వెంటపడి ఆపిన వీడియో పోలండ్ అంతా చూసింది. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు.

ఆగస్టు 25న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తిండి, నీళ్లు, బట్టలు, తగిన వైద్యం, వీలైతే తాత్కాలిక వసతి కల్పించమంది. అదే ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉంది: వాళ్లని దేశంలోకి రానివ్వాలని మేం ఆదేశించడం లేదు. వైద్యం ఇవ్వడం వేరు, ప్రవేశం ఇవ్వడం వేరు అని కోర్టు విడదీసి చెప్పింది. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మనిషి గీత మీద ఉంటే డాక్టరు ఎటువైపు నిలబడి సెలైన్ ఎక్కించాలి? వాళ్లు బెలారస్ నేల మీద ఉన్నారు, మేం సాయం పంపితే బెలారస్ ఒప్పుకోలేదు అంది పోలండ్. అడుగున్నర దూరం మీద ఇంత అంతర్జాతీయ న్యాయశాస్త్రం నడిచింది.

సెప్టెంబర్ 2న పోలండ్ ఎమర్జెన్సీ ప్రకటించి, సరిహద్దు వెంట 183 గ్రామాల పట్టీలోకి బయటివాళ్లని నిషేధించింది. జర్నలిస్టులు, స్వచ్ఛంద సంస్థలు, వలంటీర్ డాక్టర్లు అందరూ బయటే. ప్రభుత్వ అంబులెన్సులకి అనుమతి ఉండేది. 'మెదిత్సీ నా గ్రానిత్సీ', అంటే సరిహద్దు మీది వైద్యులు అనే వలంటీర్ బృందం అంబులెన్సు వేసుకుని ఆ పట్టీ అంచున కాపలా కాసింది. లోపలున్నవాడు ఈడ్చుకుంటూ అంచు దాకా రాగలిగితే వైద్యం దొరుకుతుంది. రాలేకపోతే లేదు. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ నెలల తరబడి అనుమతి అడిగి, రాక, 2022 జనవరిలో తన అత్యవసర బృందాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది చివర్లో మళ్లీ వచ్చి అక్కడి సంస్థలతో కలిసి పని మొదలుపెట్టింది.

పట్టీ లోపల మిగిలింది ఊళ్లో జనం. సాయం చేస్తామని గుర్తుగా కొందరు కిటికీల్లో ఆకుపచ్చ దీపాలు పెట్టారు. ఆ రంగు చూసి తలుపు తట్టొచ్చు, పోలీసులకి చెప్పం, వేడి సూప్ ఇస్తాం అని. ఆ దీపం కింద దెబ్బలు తుడిచినవాళ్లు డాక్టర్లు కారు, రైతులు, టీచర్లు, పెన్షనర్లు.

ఒక మడమ, మూడు దారులు

ఊహాజనితమైన ఒక మనిషిని తీసుకుందాం. యెమెన్ వాడు, పాతికేళ్లు. రాత్రి రెండు గంటలకి కంచె మీంచి దూకాడు. కుడి మడమ విరిగింది. కూడా ఉన్నవాళ్లు కొంత దూరం మోసి, చెట్ల కింద పడుకోబెట్టి, వెళ్లిపోయారు. ఫోన్లో పన్నెండు శాతం చార్జింగ్ ఉంది. ఇప్పుడేం జరగొచ్చు?

మొదటి దారి, స్వచ్ఛంద బృందాల హెల్ప్‌లైన్‌కి లొకేషన్ పంపడం. ఇద్దరు ముగ్గురు వలంటీర్లు బ్యాగులు వేసుకుని చీకట్లో నడిచి వస్తారు. పొడి సాక్సులు, సూప్, పెయిన్ కిల్లర్, చెక్కతోనో ఫోమ్‌తోనో కదలకుండా కట్టు. ఇంతవరకే వాళ్ల చేతిలో ఉన్నది. ఎక్స్‌రే లేదు, నడుము సంగతి తెలియదు. అప్పుడు వాళ్లు అతన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అంబులెన్స్ పిలవమంటావా? జవాబు అతనే చెప్పాలి. స్పృహలో ఉండి వద్దంటే ఆ మాట మీద ఎలా నిలబడాలి, ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే ఎప్పుడు కాదనాలి అన్నది అక్కడి వలంటీర్లు రాత్రుళ్లు నిద్రపోకుండా మోసే బరువు.

రెండో దారి, 112కి ఫోన్. మన 108 లాంటిదే. ప్రాణాపాయంలో ఉన్న ఎవరికైనా, పౌరసత్వంతో పని లేకుండా అత్యవసర వైద్యం చెయ్యాలని పోలండ్ చట్టమే చెబుతుంది. అంబులెన్స్ సిబ్బంది చాలాసార్లు బాగానే చూస్తారు. కానీ ఫలానా చోట విదేశీయుడు పడివున్నాడని తెలిసిందంటే బోర్డర్ గార్డులూ రావడం అక్కడ మామూలు. దగ్గరి ఆస్పత్రి హైనూఫ్కాలో ఉంటుంది, చిన్న జిల్లా ఆస్పత్రి. వార్డు తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న కాపలా. ఫోన్ చేసేముందే వలంటీర్లు రెండు పనులు చేస్తారు: లాయరు పేరిట పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టిస్తారు, "నేను పోలండ్‌లో ఆశ్రయం కోరుతున్నాను" అని అతని చేత వీడియోలో చెప్పిస్తారు. విరిగిన కాలికి కట్టు కట్టడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. ఆ మాట అతను గార్డుకి చెప్పాడా లేదా అన్నదాని మీద రేపు గొడవ జరుగుతుంది. గార్డు వినలేదంటాడు. వీడియో ఉంటే లాయరు స్ట్రాస్‌బర్గ్‌కి రాసి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోవచ్చు.

మూడో దారి, ఎవరికీ ఫోన్ చెయ్యకముందే పెట్రోలింగ్ బృందం కనిపెట్టడం. గాయం ఎంత పెద్దదో అక్కడున్నవాళ్లే అంచనా వేస్తారు. కాలు పక్కకి వంగిపోయి ఉంటే అంబులెన్స్ పిలుస్తారు. కానీ మడమ విరిగిన పాదం చాలాసార్లు వాచినట్టే కనిపిస్తుంది, బూటు వేసుకుని ఉంటే అదీ కనిపించదు. కుంటుతున్నాడు, నడవగలడు అనుకుంటే బండెక్కించి కంచెలో ఉన్న చిన్న గేటు దగ్గరికి తీసుకెళ్లొచ్చు.

కాబట్టి ఒకే గాయానికి దొరికే వైద్యం గాయాన్ని బట్టి కాకుండా, ఎవరు ముందు చూశారన్నదాన్ని బట్టి ఉంటోంది.

పోలండ్ వైపు నుంచి చూస్తే

ఈ విధానాన్ని ఒక్క పార్టీ తలకి చుట్టడం కుదరదు. 2021లో మొదలుపెట్టింది జాతీయవాద ప్రభుత్వం. 2023 చివర్లో వచ్చిన డొనాల్డ్ టస్క్ ప్రభుత్వం యూరప్ అనుకూల ఉదారవాద ప్రభుత్వం, ఇంకా గట్టిగా కొనసాగించింది. అంటే అక్కడి జనంలో దీనికి బలమైన మద్దతుంది.

వాళ్ల వాదన ఇలా ఉంటుంది. ఇది మామూలు వలస కాదు. పొరుగు దేశం మనుషుల్ని ఆయుధంగా వాడుతోంది. వెనక రష్యా ఉంది. ప్రతి ఒక్కరి దరఖాస్తూ తీసుకుంటే, రేపు పదింతల మందిని విమానాల్లో దింపుతారు. తలుపు తెరిస్తే లుకషెంకో గెలిచినట్టే. మా సైనికుల మీదికి రాళ్లు, కర్రలు, కత్తులు వస్తున్నాయి. ఇందులో అబద్ధం లేదు. 2024 మే 28న కంచె సందులోంచి కత్తితో పొడిస్తే గాయపడ్డ ఒక యువ సైనికుడు జూన్ 6న చనిపోయాడు. ఆ తర్వాత వారంలోనే సరిహద్దు వెంట మళ్లీ నిషేధిత పట్టీ పెట్టారు. సరిహద్దులో ఆయుధాలు వాడిన సైనికులకి కొన్ని పరిస్థితుల్లో శిక్ష లేకుండా చట్టం సవరించారు.

చట్టపరంగా దేశాలు ఎక్కువగా చూపించే తీర్పు 2020 ఫిబ్రవరి నాటిది, స్పెయిన్ మీద వేసిన ఎన్‌డీ, ఎన్‌టీ కేసు. ఆఫ్రికా తీరంలో మొరాకోని ఆనుకుని ఉన్న స్పెయిన్ నగరం మెలీయా. దాని కంచెని గుంపుగా, బలవంతంగా ఎక్కి దిగిన ఇద్దర్ని వెంటనే వెనక్కి పంపడం తప్పు కాదని స్ట్రాస్‌బర్గ్ విస్తృత ధర్మాసనం చెప్పింది. సక్రమ మార్గం ఉండగా దాన్ని వాడుకోలేదు, అది వాళ్లు చేజేతులా తెచ్చుకున్నదేనంది. ఈ తీర్పులో షరతు ఉంది: సక్రమ మార్గం నిజంగా అందుబాటులో ఉండాలి. పోలండ్‌లో ఉందా అన్నది ప్రశ్న. బెలారస్‌లోని బ్రెస్ట్ నుంచి రైల్లో తెరెస్పోల్ చెక్‌పోస్టుకి మళ్లీ మళ్లీ వచ్చి ఆశ్రయం అడిగిన చెచెన్ (రష్యాలోని చెచన్యా ప్రాంతపు) కుటుంబాల్ని గార్డులు తిప్పి పంపారని, అది గుంపుగా గెంటివేతేనని అదే కోర్టు 2020 జులైలో పోలండ్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. దొడ్డిదారిన వచ్చావు కాబట్టి వినను అన్నవాళ్లు ముందు గుమ్మంలోంచి వచ్చినవాళ్లనీ వినలేదన్నమాట.

మెలీయా దగ్గరే 2022 జూన్ 24న ఏం జరిగిందో కూడా చెప్పాలి. మొరాకో వైపు నుంచి వందల మంది కంచె మీద పడ్డారు. తొక్కిసలాటలో, బలగాల దాడిలో కనీసం 23 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్లు, చచ్చిపోయినవాళ్లు కలిసి గంటల తరబడి నేలమీద కుప్పగా పడివున్న దృశ్యాలు బయటికొచ్చాయి. ఆ రోజు 470 మందిని అక్కడికక్కడే వెనక్కి పంపారని స్పెయిన్ అంబుడ్స్‌మన్ తేల్చాడు. వాళ్లలో ఎవరికి ఎముక విరిగిందో, ఎవరికి తల పగిలిందో ఎవరు చూశారు? 2020 తీర్పు గుంపుగా గెంటడం గురించి. గాయపడ్డవాణ్ణి వైద్యం లేకుండా వదిలెయ్యొచ్చని అది ఎక్కడా అనలేదు. 3వ అధికరణం విడిగా, పూర్తి బలంతో అలాగే ఉంది.

మన తెలుగువాళ్లకి ఇదే పోలండ్ మరో ముఖం బాగా తెలుసు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక అక్కడ మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు కొందరు మైళ్ల కొద్దీ నడిచి, ఉక్రెయిన్ వైపు చలిలో గంటల తరబడి నిలబడి, మెదికా లాంటి చెక్‌పోస్టుల దగ్గర పోలండ్‌లో అడుగుపెట్టారు. వీసా అడగలేదు. అవతల వేడి టీ, దుప్పట్లు. ఆ వారాల్లో మూడొందల కిలోమీటర్లకి పైగా ఉత్తరాన, బియావొవియెజాలో, అదే దేశపు అదే బోర్డర్ గార్డు మనుషుల్ని అవతలికి నెడుతూనే ఉంది. దీన్ని జాతి వివక్ష అన్నవాళ్లున్నారు. ఒకటి యుద్ధం నుంచి పారిపోవడం, ఇంకొకటి శత్రువు తోలిన గుంపు, రెండూ ఒకటెలా అవుతాయి అన్నవాళ్లున్నారు. మన పిల్లలు శరణార్థులు కారు, ఇంటికి వెళ్లే విమానం ఎక్కడానికి వచ్చినవాళ్లు. ఆ తేడా నిజమే. యెమెన్ నుంచి వచ్చినవాడు కూడా యుద్ధం నుంచి పారిపోయినవాడే, అదీ నిజమే.

2025 చట్టం: జబ్బు ఉందో లేదో తేల్చేది ఎవరు?

2021 ఆగస్టులో ఒక మంత్రిత్వ శాఖ ఉత్తర్వుతో మొదలైన పుష్‌బ్యాక్‌లకి ఆ అక్టోబర్‌లో పార్లమెంటు చట్టం తోడైంది. ఉత్తర్వు ప్రకారమైతే కాగితమే లేదు. చట్టం ప్రకారమైతే దేశం విడిచి వెళ్లమని ఒక ఆదేశం ఇస్తారు, అప్పీలు చేసుకోవచ్చు, కానీ అప్పీలు తేలేదాకా ఆగరు. మనిషి బెలారస్ అడవిలో ఉండి పోలండ్‌లో అప్పీలు నడుపుకోవాలి. 2022లో పోలండ్‌లోని బియావిస్తోక్ నగర అడ్మినిస్ట్రేటివ్ కోర్టు కొన్ని కేసుల్లో ఇలా పంపడం చెల్లదంది. పద్ధతి మాత్రం ఆగలేదు.

2025 మార్చి చివర్లో ఇంకో మెట్టు ఎక్కారు. బెలారస్ సరిహద్దులో ఆశ్రయం దరఖాస్తులు తీసుకోవడాన్నే 60 రోజులు నిలిపివేసే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. తర్వాత పార్లమెంటు అనుమతితో పొడిగిస్తూ పోయారు. చట్టంలో మినహాయింపులున్నాయి: తోడు లేని పిల్లలు, గర్భిణులు, వయసు వల్లో ఆరోగ్యం వల్లో ప్రత్యేకంగా చూడాల్సినవాళ్లు, వెనక్కి పంపితే తీవ్రమైన హాని తప్పదనిపించినవాళ్లు, బెలారస్ పౌరులు.

చదవగానే అనిపిస్తుంది, మన విరిగిన మడమ మనిషి మినహాయింపులోకి వస్తాడు కదా అని. రావచ్చు. ఆరోగ్యం వల్ల ప్రత్యేకంగా చూడాల్సినవాడా కాదా అన్నది అక్కడ తేల్చేది డాక్టరు కాదు, బోర్డర్ గార్డు. అడవిలో, టార్చిలైటు వెలుతురులో, బహుశా అతని భాష రాకుండా. మూడో నెల గర్భం బయటికి కనపడదు. షుగర్ కనపడదు. చిత్రహింసలు పడ్డవాడి మనసు అస్సలు కనపడదు. మినహాయింపు పెట్టడం ఒకెత్తు, దాన్ని గుర్తించే కళ్లు పెట్టడం ఇంకొకెత్తు. ప్రభుత్వం మొదటిది చేసింది.

యూరోపియన్ యూనియన్ ఇక్కడ ఎటూ తేల్చని గొంతుతో మాట్లాడింది. 2024 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్, వలసదారుల్ని ఆయుధంగా వాడుతున్న పరిస్థితుల్లో సభ్యదేశాలు కఠిన చర్యలు తీసుకోవచ్చని, అవి తప్పనిసరై, పరిమితంగా, తాత్కాలికంగా ఉండాలని చెప్పింది. పోలండ్ మొదటి సగాన్ని విన్నది, మానవ హక్కుల సంస్థలు రెండో సగాన్ని. ఉస్నాష్ అఫ్గాన్ల కేసుని, లాత్వియా, లిథువేనియాల మీద వచ్చిన అలాంటి కేసులతో కలిపి స్ట్రాస్‌బర్గ్ విస్తృత ధర్మాసనం 2025 ఫిబ్రవరి 12న విన్నది. పొరుగు దేశం కుట్ర చేస్తోంటే వ్యక్తికి ఉండే హక్కు తగ్గుతుందా అన్నదే వాదన సారాంశం.

సాయం చేసినవాళ్ల సంగతి ఒక్క కేసులో చెప్పుకోవచ్చు. 2022 మార్చిలో ఏడుగురు పిల్లలున్న ఒక ఇరాకీ కుర్దు కుటుంబానికి, ఒక ఈజిప్టు వ్యక్తికి తిండి, బట్టలు ఇచ్చి, బండిలో ఎక్కించుకున్నారని అయిదుగురి మీద కేసు పెట్టారు. నేరం రుజువైతే అయిదేళ్ల దాకా శిక్ష. లాభం కోసం చేస్తేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది. వీళ్లు పైసా తీసుకోలేదు. లాభం వీళ్లది కాదు, ఆ కుటుంబానిది, అదైనా చాలు అని ప్రాసిక్యూషన్ వాదించింది. 2025 సెప్టెంబర్‌లో కోర్టు అయిదుగుర్నీ నిర్దోషులుగా వదిలేసింది. ఈ మూడున్నరేళ్లూ అడవిలోంచి మెసేజ్ వచ్చిన ప్రతిసారీ, వెళ్లాలా వద్దా అని బూట్లు చేతిలో పట్టుకుని ఆలోచించినవాళ్లు ఎంతమందో లెక్క లేదు. మన రోడ్ల మీది పాత భయమే అది.

డిశ్చార్జి కాగితం

మన యెమెన్ మనిషి దగ్గరికి మళ్లీ వద్దాం. రెండో దారిలో వెళ్లాడనుకోండి. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. మడమ మూడు ముక్కలైంది, అదృష్టం బాగుండి వెన్నుపూసకి ఏమీ కాలేదు. సిమెంటు కట్టు వేశారు. నాలుగో రోజు డాక్టరు డిశ్చార్జి కాగితం రాశాడు. ఇంటికి పంపొచ్చు, కనీసం ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదు, రెండు వారాలకి మళ్లీ చూపించాలి.

డాక్టర్ల లెక్కలో 'పంపొచ్చు' అంటే మంచం ఖాళీ చెయ్యొచ్చని. ఇంట్లో ఒకరు అన్నం పెడతారు, బాత్రూముకి పట్టుకుని తీసుకెళ్తారు అనుకుని రాసే మాట అది. తలుపు దగ్గర నిలబడ్డ అధికారికి అదే మాట, ఇతను మా చేతికి వచ్చాడు అన్నట్టు వినిపిస్తుంది. ఆశ్రయం దరఖాస్తు నమోదై ఉంటే ఇక్కణ్ణుంచి విదేశీయుల కేంద్రానికి తీసుకెళ్తారు, అక్కడ డాక్టరు ఉంటాడు. నమోదు కాకపోతే బండి ఎటు తిరుగుతుందో ఆ కాగితంలో ఉండదు. ఆస్పత్రి నుంచి తిన్నగా సరిహద్దుకి తీసుకెళ్లిన కేసులు 2021 నుంచే లాయర్ల ఫైళ్లలో ఉన్నాయి. అందుకే హైనూఫ్కా వైపు కొందరు లాయర్లు కొత్తగా పేషెంటు దొరకగానే అడిగే మొదటి ప్రశ్న ఎలా ఉన్నాడని కాదు, ఎప్పుడు డిశ్చార్జి చేస్తున్నారని.